మామూలు మంగళవారం ఫొటో ఎవరు తీస్తారు?

(విజయవాడలో ఫొటోగ్రఫీ నేర్చుకుంటున్న విద్యార్థులు, ఔత్సాహికులు కలిసిన సమావేశంలో ఒక ఫొటోగ్రాఫర్ చేసిన ప్రసంగం. మాటతీరు మార్చకుండా, చివర వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటితో కలిపి ఇక్కడ ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం. కరెంటు ఉండగానే తెరమీద ఫొటోలు చూపించేయమని నిర్వాహకులు చెవిలో చెప్పారు. అందుకని ఉపోద్ఘాతం తగ్గించుకుంటాను.

మీ ఫోన్లు ఓసారి బయటికి తీయండి. గ్యాలరీ తెరవండి. దుర్గమ్మ కొండ దగ్గర దిగిన సెల్ఫీ ఎంతమంది దగ్గర ఉంది? అబ్బో, దాదాపు అందరి దగ్గరా ఉన్నట్టుంది. ప్రకాశం బ్యారేజీ లైట్లు వెలిగినప్పుడు తీసింది? అదీ ఉంది. బిర్యానీ ప్లేటు? (నవ్వులు) సరే. ఇప్పుడు మీ వీధిలోకి రోజూ వచ్చే కూరగాయల బండి చూపించండి. బండాయన కాయలు తూస్తుండగా తీసిన ఫొటో. ఒక్క చెయ్యే లేచింది. ఏమ్మా, నీకెందుకు తీయాలనిపించింది? ... బండి కింద పిల్లి పడుకుని ఉంటే తీసిందట. (నవ్వులు) పిల్లి పుణ్యమా అని బండికి కూడా చోటు దొరికింది.

ఈవేళ నేను మాట్లాడదామనుకున్నది ఆ బండి గురించే. మన ఊరికి ఫొటోలు లేక కాదు. 2016 ఆగస్టు 12 నుంచి 23 దాకా కృష్ణా పుష్కరాలు జరిగాయి. ఘాట్లలో మునిగేవాళ్లు ఎంతమందో, తీసేవాళ్లూ అంతమంది ఉన్నారనిపించింది. మళ్లీ 2028లో వస్తాయి, మళ్లీ అందరం కెమెరాలు భుజాన వేసుకుని వెళ్తాం. మధ్యలో పన్నెండేళ్లు ఆ మెట్ల మీద ఎవరు కూర్చున్నారు? గాలం వేసుకుని కూర్చునేది ఎవరు, డీఎస్సీకి చదువుకునేది ఎవరు, ఇంట్లో గొడవపడి వచ్చి ఊరికే నీళ్లవంక చూస్తూ కూర్చునేది ఎవరు? వాళ్లను తీసినవాళ్లు చాలా తక్కువ. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ప్రతి ఫోనూ కెమెరామన్ అయింది. మంచిదే, తీయాల్సిందే. కానీ అదే సందు అంతకుముందు వారం ఎలా ఉండేదో, అరుగుల మీద ఎవరు కబుర్లు చెప్పుకునేవారో చూపించమంటే వెతుక్కోవాలి.

స్వరాజ్ మైదానం సంగతి చూడండి. ఒకప్పుడు జనవరి వస్తే అక్కడే పుస్తకాల పండగ. మిగతా రోజుల్లో పొద్దున్నే వాకింగ్ చేసేవాళ్లు, టెన్నిస్ బాల్ క్రికెట్, సైకిల్ నేర్చుకునే పిల్లలు, పక్కన రైతుబజారు. ఇప్పుడక్కడ అంబేద్కర్ స్మృతివనం ఉంది. 125 అడుగుల విగ్రహం 2024 జనవరి 19న ఆవిష్కరించారు. విగ్రహం ఫొటోలు ఎన్నైనా దొరుకుతాయి. మైదానంలో సభలు జరిగినప్పటి ఫొటోలూ పత్రికల దగ్గర ఉంటాయి. సభ లేని రోజున, మామూలు మంగళవారం సాయంత్రం, ఆ మైదానం ఎలా ఉండేదో మీలో ఎవరి ఇంట్లోనైనా ఫొటో ఉంటే దయచేసి పారేయకండి.

ఇంతకీ ఎందుకు తీయలేదు మనం? ఒక కారణం డబ్బు. ఫిల్ము రోజుల్లో రోలుకి 36 ఫొటోలు. రోలు కొనాలి, కడిగించాలి, ప్రింటు వేయించాలి. ఆ 36లో పెళ్లికూతురు, తలంబ్రాలు, అప్పగింతలు, చివర మిగిలిన రెండిట్లో ఇంట్లో పిల్లలు. పుచ్చకాయలమ్మేవాడి కోసం ఫిల్ము ఖర్చు పెడితే ఇంట్లో తిట్లు తప్పవు. ఇది అర్థమవుతుంది.

రెండో కారణం నాకు ఎక్కువ ఆసక్తి కలిగిస్తుంది. మనకి ఫొటో అంటే నిలబడి దిగేది. స్టూడియోకి వెళ్తాం. వెనక తాజ్‌మహల్ తెర. పౌడరు, దువ్వెన అక్కడే ఉంటాయి. కోటు కూడా స్టూడియో వాళ్లదే. "గడ్డం కొంచెం పైకి సార్" అంటాడు. నేనూ చాలాకాలం ఆ మాట అన్నవాణ్నే, అందులో తప్పేమీ లేదు. జీవితంలో ఒకటో రెండో ఫొటోలు దిగే మనిషి తను ఎలా కనపడాలనుకున్నాడో అలా కనపడటం ఆయన హక్కు. కానీ ఆ అలవాటు వీధిలోకి కూడా వచ్చేసింది. మీరు కెమెరా ఎత్తగానే ఏమవుతుంది? టీ మాస్టరు గ్లాసులు పక్కన పెట్టి చొక్కా సర్దుకుంటాడు. కుట్టుమిషన్ ఆగిపోతుంది. పిల్లలు రెండు వేళ్లు చూపిస్తారు. ముఠా కూలీ మూట దించేసి అటెన్షన్‌లో నిలబడతాడు. మీకు మనిషి దొరికాడు, ఆయన చేస్తున్న పని పోయింది. మనిషి మారకముందు తీయడం, నేను క్యాండిడ్ అనేది అంతవరకే. దొంగచాటుగా తీయడం వేరే పని, దాని సంగతి తర్వాత చెప్తాను.

మన మామూలు జనం ఫొటోల చరిత్ర ఇంకాస్త వెనక్కి వెళ్తే అంత ముచ్చటగా ఉండదు. గుంటూరు, బెజవాడ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో ఎడ్గార్ థర్‌స్టన్ అనే అధికారి దక్షిణ భారత కులాలు, తెగల మీద 1909లో ఏడు సంపుటాలు వేశాడు. రంగాచారి అనే ఆయన సాయపడ్డాడు. అందులో ఫొటోలు ఉన్నాయి. తలలు, ముక్కులు కొలిచిన అంకెలూ ఉన్నాయి. ఫలానా కులం మనిషి, ఫలానా తెగ స్త్రీ అని కింద రాశారు. పేరుండదు. ఆ పూట ఆ మనిషి ఏ పనిమీద పోతుంటే పిలిచి నిలబెట్టారో ఉండదు. ఒకవైపు ఈ కొలతల ఫొటో, ఇంకోవైపు మహారాజుల ఫొటో. నిజాం కొలువులో రాజా దీన్‌దయాళ్ తీసినవి చూడండి, పనితనం చూస్తే ఇప్పటికీ నోరెళ్లబెడతాం. ఈ రెండింటి మధ్య సంతకు పోతున్న మనిషి మనకు దొరకడు.

ఇది మన ఒక్కరి గొడవే కూడా కాదు. 1838లో, ఫొటోగ్రఫీ కనిపెట్టినవాళ్లలో ఒకడైన లూయీ డాగ్యేర్ పారిస్‌లో తన కిటికీ నుంచి ఒక పెద్ద వీధిని తీశాడు. పట్టపగలు. బండ్లు, గుర్రాలు, జనం తిరుగుతూనే ఉన్నారు. ఫొటోలో వీధి ఖాళీ. ఎందుకంటే ఒక్క ఫొటో పడటానికి నిమిషాలు పట్టేది. కదిలినవాళ్లెవరూ పడలేదు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ కాలు కదపకుండా నిలబడ్డ ఒకాయన మాత్రం పడ్డాడు. పాలిష్ చేసేవాడు కూడా మసగ్గా ఉన్నాడు. ఫొటోలో పడ్డ మొదటి మనుషులు వీళ్లే అంటారు. చేతిలో ఇమిడే లైకా కెమెరా 1925లో బజారులోకి వచ్చాక గానీ నడిచే మనిషిని నడుస్తూ పట్టుకోవడం తేలిక కాలేదు.

లైకా అనగానే మీకు ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియర్ బ్రెస్సాన్ గుర్తొస్తాడు. 1932లో స్టేషన్ వెనక నీళ్లగుంట దూకుతున్న మనిషి, మడమ ఇంకా నీళ్లకు తగలలేదు. ఆ ఫొటో గొప్పదే, నేను కాదనను. కానీ దాన్ని చూసి మన కుర్రాళ్లు పట్టుకున్న జబ్బు ఒకటుంది. నీడలో గొడుగు, గోడమీద త్రికోణం లాంటి ఎండ, మధ్యలో ఒక నల్లటి ఆకారం నడిచిపోతూ ఉంటుంది. లైకులు బాగానే వస్తాయి. ఆ ఫొటో బెజవాడలో తీశారో బెల్జియంలో తీశారో దేవుడికే తెలియాలి. (నవ్వులు) బోర్డు లేదు, సరుకు లేదు, మొహం లేదు. పోటీకి పంపుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఊరి రికార్డుగా మాత్రం అది పనికిరాదు.

ఇప్పుడు తెరమీద ఒక్క ఫొటో చూపిస్తాను. ఒక్కటే, తొందరపడకుండా చూద్దాం.

ఇది కాళేశ్వరరావు మార్కెట్. ఫిల్ము రోజుల్లో నేను తీసింది. వంకాయలమ్మే ఆవిడ త్రాసు గడ్డం దాకా ఎత్తి పట్టుకుంది. ఒక తక్కెట్లో తూకంరాళ్లు, ఒక తక్కెట్లో కాయలు. ఎడమచేత్తో ఇంకో వంకాయ తీసి వేయబోతోంది. కొనే ఆవిడ ముందుకు వంగి ఉంది. చేతిలో ప్లాస్టిక్ వైరుతో అల్లిన బుట్ట. ఆవిడ కళ్లు ఎక్కడున్నాయో చూడండి, ముల్లు మీద ఉన్నాయి. అమ్మే ఆవిడ కళ్లేమో కొనే ఆవిడ మొహం మీద ఉన్నాయి. వెనక పసుపు రంగు ఎస్టీడీ బూత్ బోర్డు, అంటే వేరే ఊళ్లకు డబ్బులిచ్చి ఫోన్ చేసుకునే కొట్టుది. పక్కన పలకమీద సుద్దముక్కతో రాసిన ధర. గోడకు సగం చిరిగిన సినిమా పోస్టరు, దాని కింద ఇంకో పోస్టరు.

నేను అప్పుడు ఇది తీసింది మొహం మీద పడ్డ వెలుతురు కోసం. బూత్ బోర్డు ఫ్రేములోకి వచ్చిందని చిరాకు కూడా పడ్డాను. పత్రికకు ఇస్తే "ఇందులో వార్తేముందండీ" అన్నారు. వాళ్లన్నది నిజమే, అందులో వార్త లేదు. ఇప్పుడు దీన్ని ఎక్కడ చూపించినా ముందు ఆ బూత్ గురించే అడుగుతారు. తర్వాత పలక. తర్వాత వైరు బుట్ట. ఒక కాలేజీ అబ్బాయైతే తూకంరాళ్లు చూపించి ఇవేంటి సార్ అన్నాడు. వెలుతురు గురించి ఎవరూ అడగలేదు. (నవ్వులు)

నేను కావాలని పెట్టింది ఎవరికీ పట్టలేదు, దానంతటదే వచ్చి పడిందే మిగిలింది. వీధి ఫొటోల్లో ఇది మామూలే. ఏది విలువైనదవుతుందో తీసే రోజున తీసేవాడికి తెలియదు. అందుకే మా దగ్గర నేర్చుకునే పిల్లలకు మొదట చెప్పేది, ఫోనులో పోర్ట్రెయిట్ మోడ్ ఆపేయమని. అది మొహం ఒక్కటి ఉంచి మిగతా వీధినంతా అలికేస్తుంది. తర్వాత, క్రాప్ చేయొద్దని, అంటే అంచులు కత్తిరించొద్దని. చేస్తే చేయండి గానీ అసలు ఫైలు దాచండి. అంచుల్లో ఉన్న చెత్తబుట్టే రేపు ఎవరికైనా కావాల్సి రావచ్చు.

వస్తువులైతే ఎలాగోలా దొరుకుతాయి. పాత త్రాసు కావాలంటే ఎవరి అటక మీదో ఉంటుంది. నేను భయపడేది చేతులు పోతాయని. ఆ ఫొటోలో ఆవిడ వేయబోతున్న ఆఖరి వంకాయ ఉంది చూశారూ, అది కొసరు. ముల్లు సరిగ్గా మధ్యకు వచ్చాక కూడా తక్కెడ కిందికి వాలేలా ఇంకొకటి వేస్తే కొనేవాళ్లకు తృప్తి. ఇప్పుడు ఎలక్ట్రానిక్ కాటా వచ్చింది. అంకె అర కిలో చూపించగానే చెయ్యి ఆగిపోతుంది. కొసరు పోయిందా? పోలేదు. గమనించండి, రెండు పచ్చిమిరపకాయలు, ఒక కరివేపాకు రెబ్బ తీసి నేరుగా సంచిలో వేస్తున్నారు, కాటా మీద వేయడం లేదు. కొసరు తక్కెట్లోంచి సంచిలోకి మారింది. ఈ మార్పు ఏ సంవత్సరం జరిగిందని ఎవరు రాసిపెట్టారు? ఎవరూ రాయరు. ఏటా నాలుగు ఫొటోలు ఉంటే చాలు, కనిపిస్తుంది.

డబ్బులిచ్చే తీరు చూడండి. నోట్లు లెక్కపెట్టేటప్పుడు వేలు తడి చేసుకోవడం, చీరకొంగు ముడి విప్పి చిల్లర తీయడం, నోటు ఎండకు ఎత్తి చూడటం, ఇవన్నీ ఒకప్పుడు బజారులో ఎటు చూసినా కనిపించేవి. ఇప్పుడు ఫోను చాపి క్యూఆర్ కోడ్ మీద పెడతారు. పక్కనున్న డబ్బా "యాభై రూపాయలు అందాయి" అని అరుస్తుంది. అమ్మేవాళ్లు తల కూడా ఎత్తరు. పాత ఫొటోలో ఆవిడ కొనేవాళ్ల మొహం వంక చూస్తోంది కదా, ఇప్పటి ఫొటోలో చెవితో వింటూ తర్వాతి బేరానికి కాయలు ఏరుతుంటుంది. ఇది మంచికో చెడుకో నేను తీర్పు చెప్పడం లేదు. వచ్చిన మార్పు మాత్రం ఇంత స్పష్టంగా ఫొటోలోనే పడుతుంది.

గుంటూరు నుంచి వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉన్నారు. మీ మిర్చియార్డు సంగతి చెప్పాలి. సీజన్‌లో అందరూ డ్రోన్ ఎగరేసి పైనుంచి ఎర్రటి కుప్పలు తీస్తారు. క్యాలెండరుకు బాగుంటుంది. కిందికి దిగండి. టిక్కీలోకి, అంటే మిర్చి బస్తాలోకి కొక్కెం దించి, భుజానికి ఎత్తుకునే ముందు హమాలీ ఒక్క లిప్తపాటు ఊపిరి బిగపడతాడు. మెడ నరం తేలుతుంది. నోటికి కట్టుకున్న తువ్వాలు లోపలికి పీల్చుకుపోతుంది. తీసే మీకు తుమ్ములు ఆగవు, కళ్లు మండుతాయి, లెన్సు మీద కారం పడుతుంది. ఆ తువ్వాలు ఎందుకు కట్టుకున్నాడో మీ ముక్కుకే తెలిసిపోతుంది. తొడిమలు తీసే ఆడవాళ్ల వేళ్లు దగ్గరగా తీయండి. సాయంత్రం ఇంటికెళ్లి పిల్లాడికి అన్నం కలపాల్సిన వేళ్లు అవి. డ్రోన్‌కి ఇవేవీ కనపడవు.

ఎలా తీయాలో త్వరగా చెప్పేస్తాను, సామాన్ల గురించి మాట్లాడితే మీరు రాత్రి దాకా కదలరు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, అంటే పాత ఫిల్ము ఫ్రేమంత సెన్సరున్నది ఉంటే 35 ఎంఎం లెన్సు, అపర్చర్ ఎఫ్/8, ఫోకస్ మూడు మీటర్ల దగ్గర పెట్టి వదిలేయండి. సుమారు రెండు మీటర్ల నుంచి ఏడు మీటర్ల దాకా ఉన్నదంతా స్పష్టంగానే వస్తుంది. షట్టరు వేగం సెకనులో 1/250వ వంతుకన్నా నెమ్మది కాకుండా చూసుకోండి. ఇక ఫోకస్ కోసం తడుముకోనక్కర్లేదు. ఫోనైతే జూమ్ ముట్టుకోకండి, కాళ్లతో దగ్గరికి వెళ్లండి. రోడ్డవతల నుంచి పెద్ద లెన్సుతో లాగే వాళ్లంటే నాకు పడదు. అది నిఘా లాగా ఉంటుంది. దగ్గర్లో నిలబడితే మీరూ కనపడతారు, అవతలి మనిషికి వద్దనే అవకాశం ఉంటుంది.

వన్‌టౌన్ సందుల్లో వెలుతురు దిగేది మిట్టమధ్యాహ్నమే, పొద్దున పూట మేడల నీడే. పంజా సెంటర్ లాంటి చోట ఒకే మూల నిలబడండి. తిరగకండి. మొదట అందరూ మిమ్మల్ని చూస్తారు. "ఏ ఛానలండీ" అని అడుగుతారు. చెప్పండి. టీ తాగండి. కాసేపటికి మీరు కరెంటు స్తంభంతో సమానం. (నవ్వులు) అప్పుడు మొదలవుతుంది అసలు పని. ఎండాకాలం ఎవరూ తీయరు, అది నాకు బాధ. రోహిణి కార్తెలో మధ్యాహ్నం రెండింటికి బెజవాడ ఎలా ఉంటుందో తీయండి. జనమంతా రోడ్డుకు నీడున్న వైపునే నడుస్తారు. స్కూటీ మీద అమ్మాయిలు కళ్లు తప్ప ఏమీ కనపడకుండా చున్నీ చుట్టుకుంటారు. సిగ్నల్ పడితే బైకులన్నీ గీత దగ్గర ఆగకుండా వెనక ఎక్కడో చెట్టునీడలో ఆగుతాయి. ముందు ఖాళీ రోడ్డు, వెనక గుంపు. బయటి ఊరివాడికి ఆ ఫొటో అర్థం కాదు. మనకు చెమట పడుతుంది.

ఇక తీయకూడని వాటి గురించి. ఘాట్ దగ్గర స్నానం చేస్తున్న ఆడవాళ్లను తీయొద్దు. బట్టలు మార్చుకునే చోటికి కెమెరా తిప్పితే భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ ఉంది, జైలుకు పోతారు. అది సరే, చట్టం లేకపోయినా తీయకూడదు. పిల్లలైతే పెద్దవాళ్లను అడగండి. ఆసుపత్రి గేటు ముందు ఏడుస్తున్న మనిషిని వదిలేయండి. బజారులో మామూలుగా తిరిగేవాళ్లను తీయడానికి ముందే అనుమతి కావాలని చెప్పే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. అయితే 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కని చెప్పారు. వీధిలోకి వచ్చినంత మాత్రాన మనిషి తన గోప్యతనంతా ఇంట్లో వదిలేసి రాడని గుర్తుంచుకుంటే మీకు చాలావరకు దారి తెలుస్తుంది. వద్దంటే చెరిపేయండి, ఆయన చూస్తుండగానే చెరిపేయండి. మంచి ఫొటో పోయిందని ఏడుపొస్తే ఇంటికొచ్చి ఏడవండి.

బీదరికాన్ని తీసి లైకులు పోగేసుకునే వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. మీ మేనత్త ఆ ఫుట్‌పాత్ మీద ఉంటే అదే ఫొటో పెడతారా? పెడతామంటే పెట్టండి.

ఫొటోకి రెండువైపులా పదునుంటుందని కూడా చెప్పాలి. బీసెంట్ రోడ్డులో తోపుడు బండి మీద రిబ్బన్లు, క్లిప్పులు అమ్మేవాళ్లున్నారు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం, జనం ఎప్పట్నుంచో పోగై కొనుక్కునే చోట్లను స్థానిక సంస్థలు గుర్తించవచ్చంటోంది. అలాంటప్పుడు తేదీ ఉన్న పాత ఫొటో ఆ బండివాడికి సాక్ష్యం. అదే ఫొటో ఆక్రమణ అని చూపించడానికీ పనికొస్తుంది. మీరు తీసింది ఎవరి చేతికి పోతుందో ఆలోచించి ఇవ్వండి. అడిగిన ప్రతివాడికీ వాట్సాప్ చేయకండి.

వాట్సాప్ అన్నాను కాబట్టి ఒక చిన్నమాట. అందులో మామూలుగా ఫొటో పంపితే సైజు తగ్గించేస్తుంది. ఏ రోజున, ఏ కెమెరాతో, ఎక్కడ తీశారన్న వివరాలూ పోతాయి. మీ ఊరి గ్రూపులో తిరిగే "పాత బెజవాడ" ఫొటోలు చాలావాటికి ఏ సంవత్సరమో, ఏ సెంటరో తెలియనిది ఇందుకే. ఒకడు ఏలూరు రోడ్డంటాడు, ఒకడు బందరు రోడ్డంటాడు, ఇంకొకడు అసలిది తెనాలి అంటాడు. (నవ్వులు)

చికాగోలో వివియన్ మేయర్ అని ఒకావిడ ఉండేది. ఇళ్లలో పిల్లల్ని చూసుకునే ఆయా ఉద్యోగం. సెలవు దొరికితే రోలిఫ్లెక్స్ కెమెరా మెడలో వేసుకుని వీధులు తిరిగేది. లక్షకు పైగా ఫొటోలు తీసి పెట్టెల్లో దాచింది. అద్దె కట్టలేదని 2007లో ఆ పెట్టెలు వేలం వేస్తే కొన్నవాళ్ల వల్ల బయటపడ్డాయి. 2009లో ఆవిడ పోయింది, పేరు రావడం చూసుకోలేదు. దీన్ని అందరూ అద్భుతంలా చెప్తారు. నాకు మాత్రం కడుపులో దిగులేస్తుంది. ఎందుకంటే మన దగ్గర స్టూడియోలు మూతపడ్డప్పుడు నెగటివ్‌ల డబ్బాలు పాతసామాన్లవాడి బండెక్కి పోయాయి. వాటిని వేలంలో కొన్నవాడెవడూ లేడు. పారిస్‌లో యూజీన్ అత్జే చేసింది నాకు నచ్చుతుంది. కొట్లముందు భాగాలు, సందులు, మెట్లు, వీధుల్లో అమ్ముకునేవాళ్లు, అన్నీ ఓపిగ్గా తీశాడు. చిత్రకారులకు, లైబ్రరీలకు, మ్యూజియంలకు అమ్ముకుని బతికాడు. రెండు వేలకు పైగా నెగటివ్‌లు 1920లో ప్రభుత్వమే కొన్నది. కళాకారుణ్నని చెప్పుకోలేదు, డాక్యుమెంట్లు అమ్ముతానని బోర్డు పెట్టుకున్నాడు. ఆ బోర్డు మన ఊళ్లోనూ ఒకటి ఉంటే బాగుండును.

నేను చెప్పదల్చుకున్నది ఇంతే. ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: సార్, నేను డిగ్రీ సెకండియర్. మీరు చెప్పినట్టు ఒక మూల నిలబడితే అబ్బాయిలైతే కరెంటు స్తంభం అవుతారేమో. మేం నిలబడితే అందరూ మమ్మల్నే చూస్తారు.

నిజం తల్లీ. ఆ సలహా మగవాళ్లకు సరిపోయే సలహా. నువ్వు ఇంకో అమ్మాయితో కలిసి వెళ్లు, పొద్దున పూట వెళ్లు, ఒక కొట్టాయనతోనో పూలమ్మే ఆవిడతోనో ముందు పరిచయం చేసుకో. ఆవిడ పక్కన స్టూలేసుకుని కూర్చుంటే ఎవరూ ఏమీ అనరు, అంటే ఆవిడే సమాధానం చెప్తుంది. ఇంకో సంగతి. మునిసిపల్ కుళాయి దగ్గర, గాజుల కొట్టులో, బస్సులో ఆడవాళ్ల సీట్ల వైపు నేను కెమెరా ఎత్తితే అందరూ సర్దుకుంటారు. సర్దుకోవాల్సిందే. ఆ ఫొటోలు నాకు ఈ జన్మలో దొరకవు. ఊళ్లో సగం జీవితం అక్కడే ఉంది. మీరు తీయకపోతే అది ఎవరి దగ్గరా ఉండదు.

ప్రశ్న: ఈమధ్య ఏఐతో పాత విజయవాడ ఫొటోలు చేసి పెడుతున్నారు. నిజమైనవాటికన్నా బాగుంటున్నాయి. ఇంక మనం తీయడం ఎందుకండీ?

బాగుంటాయి, నేనూ చూశాను. రిక్షా ఉంటుంది, గోపురం ఉంటుంది, పంచె కట్టుకున్న పెద్దాయన ఉంటాడు. మనం ఊహించుకునేవన్నీ ఉంటాయి. ఊహించనిది ఒక్కటీ ఉండదు. బోర్డుల మీద అక్షరాలు చూడండి, చాలాసార్లు తెలుగులా ఉంటాయి గానీ చదవలేరు. ఇందాకటి ఫొటోలో పోస్టరు కింద పోస్టరు ఎవరు అడిగితే వచ్చింది? కాబట్టి తీయడం ఆపొద్దు. పైగా అసలు ఫైలు, కుదిరితే రా ఫైలు, అంటే కెమెరా ఏ మెరుగులూ దిద్దకుండా ఇచ్చే ముడి ఫైలు, ఇదివరకటికన్నా జాగ్రత్తగా దాచాలి. రేపు నిజమని చూపించుకోవాల్సింది మనమే.

ప్రశ్న: తీసినవి ఎక్కడ దాచాలి, ఎవరికివ్వాలి?

రెండు హార్డ్‌డిస్కులు, ఒకటి మీ ఇంట్లో, ఒకటి చుట్టాలింట్లో. సింగ్‌నగర్ వాళ్లకు ఎందుకో చెప్పక్కర్లేదు. ఏటా కొన్ని ఏరి కాగితం మీద ప్రింటు వేయించండి, వెనక పెన్సిల్‌తో తేదీ, సందు పేరు, ఏ వైపు తిరిగి తీశారో రాయండి. పెన్ను వద్దు, సిరా ఇవతలికి దిగుతుంది. అభ్యంతరం లేనివి వికీపీడియా వాళ్ల ఉచిత ఫొటోల భండారం వికీమీడియా కామన్స్‌లో పెట్టొచ్చు, ఎవరైనా వాడుకోవచ్చని మీరు ఒప్పుకుని పెట్టాలి, అది తెలుసుకుని పెట్టండి. అన్నిటికన్నా ముందు ఎవర్ని తీశారో వాళ్లకు ఒక ప్రింటు ఇవ్వండి. వంకాయల ఆవిడకు నేను ఇచ్చాను. చూసి, "ఆరోజు ధర మరీ తక్కువ రాశానే" అంది. (నవ్వులు)

ఇంకో ప్రశ్న ఉందా? లేదు, టైమైపోయిందంటున్నారు. హాలు ఖాళీ చేయాలట. మిగతావి బయట టీ కొట్టు దగ్గర మాట్లాడుకుందాం. కెమెరాలు బ్యాగుల్లో పెట్టేయకండి.